పట్టా పేరా, కళాశాల తీరా?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన దినము మొదలు వెబ్ ఆప్షన్ల గడువు ముగియు రాత్రి వరకు తెలుగునాట మధ్యతరగతి గృహములలో జరుగు చర్చకు ఒక నిర్ణీతమైన క్రమము గలదు. మొదట సీఎస్‌ఈ, అది దొరకనిచో కృత్రిమ మేధ పేరును తోకగా తగిలించుకొన్న మరియొక సీఎస్‌ఈ, అదియు దొరకనిచో డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐటీ, ఇవి యేవియు ర్యాంకునకు అందనిచో, ఊరి వెలుపల జాతీయ రహదారి ప్రక్కన వెలసిన ఏదో యొక కళాశాలలో మేనేజ్‌మెంటు కోటా సీటు. ఇన్ని మెట్లును దిగివచ్చిన పిమ్మట గాని బీసీఏ అను మాట ఆ యింట వినబడదు; వినబడినను పరాజయము నంగీకరించు స్వరముతోనే వినబడును. పెండ్లి పందిటిలో దూరపు బంధువు ‘అబ్బాయి ఏం చేస్తున్నాడు?’ అని అడిగినపుడు ‘బీటెక్’ అని చెప్పు తండ్రి కంఠమునకును, ‘డిగ్రీ’ అని చెప్పు తండ్రి కంఠమునకును గల భేదము నెరుగని తెలుగువాడుండడు.

ఈ క్రమములో పట్టా పేరు మొదట నిర్ణయమగుచున్నది. కళాశాల తరువాత, అదియు సీటు దొరకిన చోటునుబట్టి, నిర్ణయమగుచున్నది. కంప్యూటరు విద్య విషయమున ఈ వరుస తలక్రిందులు కావలెనని నా అభిప్రాయము. మంచి కళాశాలలో బీటెక్ సీటు లభించిన విద్యార్థికి సంశయముతో పనిలేదు, నిశ్చింతగా చేరవచ్చును. అట్టి సీటు లభింపని విద్యార్థి, అనగా మన విద్యార్థులలో అధికసంఖ్యాకుడు, విచారింపవలసినది మాత్రము వేరు: నాసిరకపు కళాశాలలో నాలుగేండ్ల బీటెక్ మేలా, నాణ్యమైన డిగ్రీ కళాశాలలో మూడేండ్ల బీసీఏ గాని కంప్యూటర్స్‌తో కూడిన బీఎస్సీ గాని చదివి, ప్రవేశపరీక్ష వ్రాసి, విశ్వవిద్యాలయములో రెండేండ్ల ఎంసీఏ చేయుట మేలా? ఈ ప్రశ్నకు సమాధానము, లోకము తలచుచున్నంత సునాయాసముగా, బీటెక్ పక్షమున లేదు.

ఈ పరిస్థితి ఒక్కనాట ఏర్పడినది కాదు. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ కళాశాలయు, 1979లో హైదరాబాదున చైతన్య భారతి కళాశాలయు, 1981లో వాసవి కళాశాలయు నెలకొను నాటికి మన రాష్ట్రమున ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు వ్రేళ్లపై లెక్కింపదగినవి. కర్ణాటకమునకు పోయి డొనేషను కట్టి చదువుకొను స్తోమత గలవారు అటు పోవుచుండిరి. తక్కినవారు బీఎస్సీ చదివి బ్యాంకు పరీక్షలు వ్రాయుచుండిరి. డొనేషను అను ఆ వ్యాధి ఇచటికి సంక్రమింపకుండ 1983లోనే క్యాపిటేషను రుసుమును నిషేధించు చట్టము చేయబడినది. ఆ చట్టము నేటికిని అమలులో నున్నదని మేనేజ్‌మెంటు కోటా సీటుకు బేరమాడు తండ్రికి గుర్తు చేయువారు లేరు. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించునాటికి అమీర్‌పేట కంప్యూటరు శిక్షణాలయములు కిటకిటలాడుచుండెను. 2000 సంవత్సరపు తేదీ సమస్యను చక్కబెట్టుటకై అమెరికాకు తరలిపోయిన తెలుగు ప్రోగ్రామర్లలో ఎంసీఏ పట్టభద్రులు తక్కువవారు కారు. ఆ దినములలో విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఎంసీఏ సీటు సంపాదించుట ఘనకార్యము. బీటెక్ సీఎస్‌ఈ వానితో అతడు సమస్కంధుడుగా కూర్చుండెడివాడు.

2008 ప్రాంతమున ఫీజు రీయింబర్సుమెంటు పథకము వచ్చినది. పేదవాని బిడ్డకు వృత్తివిద్య అందించిన ఆ పథకపు ఔదార్యమును తక్కువ చేసి మాటలాడుట నా ఉద్దేశము కాదు; తల్లిదండ్రులలో ఒక్కరును పదవ తరగతి దాటని కుటుంబములనుండి వేలాది ఇంజనీర్లు దాని వలననే బయలుదేరిరి. కాని ప్రభుత్వము చెల్లించు రుసుమును నమ్ముకొని, విద్యతో ఏ సంబంధమును లేని వ్యాపారులు వరిచేలలోను మెట్టపొలములలోను నాలుగంతస్తుల భవనములు లేపిరి. సమైక్యరాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలల సంఖ్య ఏడు వందల చేరువకు పోయినది. అదే భవనములలో ఎంసీఏ సీట్లును పుట్టగొడుగులవలె మొలిచినవి. అధ్యాపకులు మాత్రము ఆ వేగమున పుట్టలేదు. డిగ్రీతో కలిపి ఆరేండ్లు పట్టు నాటి ఎంసీఏ, నాలుగేండ్లలో ముగియు బీటెక్ ముందు వెలవెలబోయి, తరగతిగదులు ఖాళీపడి, పెక్కు కళాశాలలు ఆ కోర్సునే మూసివేసికొనినవి. 2020-21 నుండి ఎంసీఏను రెండేండ్లకు కుదించిన పిమ్మట దానికి మరల ప్రాణము వచ్చినది. 2024-25 నుండి బీసీఏయు అఖిలభారత సాంకేతిక విద్యామండలి పరిధిలోనికి వచ్చినది. ఆ యేటనే బీటెక్ బ్రాంచిలలో సీట్ల సంఖ్యపై నున్న పరిమితిని, మంచి పనితీరు గల సంస్థలకని చెప్పి, మండలి ఎత్తివేసినది. ఫలితముగా నేడు ఒకే యాజమాన్యము, ఒకే ప్రాంగణమున, ఒకే ల్యాబులో, ఉదయము బీటెక్ వారికిని మధ్యాహ్నము ఎంసీఏ వారికిని అదే అధ్యాపకునిచేత అదే డేటాబేస్ పాఠము చెప్పించు దృశ్యము అరుదు కాదు.

ఇక చదువులో భేదమేమో చూతము. బీటెక్ 160 క్రెడిట్ల చదువు. అందు మొదటి యేడు ఇంచుమించుగా గణితము, భౌతిక రసాయన శాస్త్రములు, ఇంజనీరింగు డ్రాయింగు, వర్క్‌షాపు, విద్యుత్తు ప్రాథమికాంశములు అను వానికి పోవును. తక్కిన మూడేండ్లలో డేటా స్ట్రక్చర్సు, కంప్యూటరు ఆర్గనైజేషను, ఆపరేటింగు సిస్టమ్సు, నెట్‌వర్కులు, ఆటోమేటా సిద్ధాంతము, కంపైలర్లు మొదలగునవి వచ్చును. బీసీఏ 120 క్రెడిట్లలో భౌతికశాస్త్రమును డ్రాయింగును వదలి, మొదటినుండియు ప్రోగ్రామింగు వైపు నడచును. కంపైలర్లు, ఆటోమేటా వంటి సిద్ధాంతభాగములు పలుచబడును లేదా లుప్తమగును. ఎంసీఏలో చేరినవాడు వానిలో కొన్నిటిని మరల పైస్థాయిలో చదువును. కావున సిద్ధాంతబలమున బీటెక్ పాఠ్యప్రణాళికదే పైచేయి యని ఒప్పుకొనవలసినదే. కాని పాఠ్యప్రణాళిక కాగితముపై నుండును. అది విద్యార్థి బుద్ధిలోనికి దిగుటకు నడుమ ఒక మనుష్యుడు కావలెను. ఆ మనుష్యుడు లేని చోట కంపైలర్ల పాఠము సిలబసులో నున్నను ఒకటే, లేకున్నను ఒకటే.

ఆ మనుష్యుని సంగతియే అసలు సంగతి. నిబంధనల ప్రకారము ఇరువదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడుండవలెను. తనిఖీ దినమున ఉండును. విశ్వవిద్యాలయపు నిజనిర్ధారణ సంఘము వచ్చునని కబురందిన వారమున, పట్టణమందలి మరియొక కొలువులో నున్నవారును, పీహెచ్‌డీ పూర్తిచేసి ఇంట నున్నవారును, కోటు తగిలించుకొని వచ్చి, తమవి కాని గదులలో కూర్చుండి, సంతకములు చేసి పోవుట ఇంజనీరింగు కళాశాలలలో పనిచేసిన ప్రతివాడును ఎరిగిన రహస్యము. 2024లో తమిళనాట అన్నా విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలలో ఒకే అధ్యాపకుడు ఏకకాలమున పెక్కు కళాశాలల పట్టికలలో నున్నాడని బయటపడినపుడు పొరుగువారు ఆశ్చర్యపోయిరేమో గాని, మనవారికి అది వింతగా తోచలేదు. తనిఖీ ముగిసిన మరునాడు పాఠము చెప్పువాడు, నిరుడు అదే కళాశాలలో ఎంటెక్ ముగించి, ఉద్యోగము దొరకువరకు కాలక్షేపముగా చేరిన యువకుడు. అతనిని నిందింపరాదు. వానికి నెలనెలా జీతము వచ్చునన్న నమ్మకము లేదు. రీయింబర్సుమెంటు బకాయిలు విడుదల కాలేదని చెప్పి యాజమాన్యము మూడు నాలుగు మాసములు జీతము నిలుపుట పరిపాటి. ఇట్టివాడు మూడవ సెమిస్టరున డేటా స్ట్రక్చర్సు మొదలుపెట్టి, సెమిస్టరు నడుమ వేరు ఉద్యోగము దొరకి వెడలిపోయిన తరువాత, ట్రీల పాఠమును ఎవరును చెప్పరు. మిడ్ పరీక్షలో ఆ ప్రశ్న మాత్రము వచ్చును; మార్కులును వచ్చును.

ల్యాబు సంగతి చెప్పనే అక్కరలేదు. అరువదిమంది బ్యాచికి పనిచేయు కంప్యూటర్లు ముప్పది. ఒక్కొక్క తెర యెదుట ఇద్దరు. అందు ఒకడు టైపు చేయును, మరియొకడు రికార్డు పుస్తకము నకలు చేయును. ల్యాబు పరీక్ష నాడు చీటీ తీసి ప్రోగ్రాము తెలిసికొని, కంఠస్థము చేసిన దానిని మొదట కాగితముపై వ్రాసి, పిమ్మట తెరపై ఎక్కించి, ఫలితము రానిచో ఎక్స్‌టర్నల్ అనబడు బయటి పరీక్షకుని వైపు దీనముగా చూచుట, ఆయనయు సోదర కళాశాలనుండి వచ్చినవాడగుటచే పుణ్యము కట్టుకొనుట జరుగును.

ఈ విద్యాక్రమపు పరిపూర్ణస్వరూపమును చూడగోరువారు మార్చి, ఏప్రిల్ మాసములలో అమీర్‌పేట మైత్రీవనము పరిసరములకు పోవలెను. అచట చివరి సంవత్సరపు ప్రాజెక్టులు వెలకు దొరకును. క్రెడిట్ కార్డు మోసములను కనిపెట్టుట, పంట దిగుబడి అంచనా, నకిలీ వార్తల గుర్తింపు అను శీర్షికల పట్టిక బల్లపై నుండును. అంగడివాడు మొదట భాష అడుగును: జావానా, పైథానా? పిమ్మట బ్యాచికి ఎందరని అడుగును. సోర్సు కోడు, డాక్యుమెంటు, పీపీటీ పెన్‌డ్రైవులో వేసి యిచ్చును. ఎక్స్‌టర్నల్ అడుగు ప్రశ్నలకు జవాబుల పత్రము కొసరు. ముఖపత్రముపై బీటెక్ అని వేయవలెనా, ఎంసీఏ అని వేయవలెనా అనునది ఆయన ఆఖరున అడుగు ప్రశ్న. లోపలి పుటలకు ఆ భేదము లేదు. నాలుగు లక్షలు వెచ్చించి చదివినవాడును, లక్షతో ముగించినవాడును అదే పెన్‌డ్రైవుతో మెట్లు దిగుచుండగా చూచినవారికి, పట్టా పేరుకై అప్పు చేసిన తండ్రిపై జాలి కలుగక మానదు.

అయినను పేరునకు విలువయే లేదనుట సత్యదూరము. కొన్ని ద్వారములు పట్టా పేరు చూచియే తెరచుకొనును. అమెరికాలో ఎంఎస్ చేయగోరువారినుండి అచటి విశ్వవిద్యాలయములు పెక్కు పదునారేండ్ల విద్యను కోరును. ఇంటర్మీడియట్‌పై నాలుగేండ్ల బీటెక్ దానికి సరిపోవును, మూడేండ్ల బీసీఏ ఒంటరిగా చాలచోట్ల సరిపోదు. ఎంసీఏ కూడ చేసినచో పదునేడేండ్లగును గనుక ఆ చిక్కు తీరును; కాని ఒక యేడాది ఆలస్యము తప్పదు. బీటెక్ ముగియగనే విమానమెక్కవలెనని మొదటనే నిశ్చయించుకొని, దానికి ధనబలము గల కుటుంబము ఈ వ్యాసమును ఇంతటితో ముడిచిపెట్టవచ్చును. గేట్ మార్కులతో ఇంజనీర్లను తీసికొను ప్రభుత్వరంగ సంస్థలు పెక్కింటికి ఇంజనీరింగు పట్టాయే కావలెను. సాఫ్ట్‌వేరు సంస్థలలోను ఉత్త బీసీఏ వానికి వేరు వరుస యుండును: విప్రో సంస్థ బీసీఏ, బీఎస్సీ పట్టభద్రులను కొలువులోనికి తీసికొని తన ఖర్చుతో ఎంటెక్ చదివించు పథకమును నడుపుచున్నది; టీసీఎస్‌కును సైన్సు పట్టభద్రులకై ప్రత్యేక నియామకము గలదు. వానిలో ప్రారంభవేతనము బీటెక్ వానికంటె తక్కువ. ఎంసీఏ అయినచో అట్లు కాదు; టీసీఎస్ జాతీయస్థాయి పరీక్షకు బీటెక్, ఎంటెక్, ఎంసీఏలను ఒకే గాట గట్టి పిలుచుచున్నారు. లోనికి పోయిన తరువాత వీడు ఎంసీఏ, వాడు బీటెక్ అని చూచువారు లేరు; సేవాసంస్థలలో కొత్తవాని వేతనము దశాబ్దమునకు పైబడి యేడాదికి మూడు, మూడున్నర లక్షల చుట్టే తిరుగుచుండుట ఇరువురికిని సమానమైన దురదృష్టము.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది. ఎంసీఏ మార్గములో, బీటెక్ మార్గములో లేని ఒక సదుపాయమున్నది. దానిని మనవారు గమనించుట లేదు. అది రెండవ ప్రవేశపరీక్ష. పదునేడేండ్ల వయస్సున, రెండేండ్లు కార్పొరేటు కళాశాల హాస్టలులో తెల్లవారుజాము స్టడీ అవర్లతో అలసిన బాలుడు, ఒకానొక దినమున మూడు గంటలు వ్రాసిన పరీక్షలో వచ్చిన ర్యాంకు అతని కళాశాలను నిర్ణయించుచున్నది. ఆ దినమున జ్వరము వచ్చినదా, భౌతికశాస్త్రము అబ్బలేదా, తండ్రి బలవంతముమీద ఎంపీసీ తీసికొన్నాడా అని అడుగువారు లేరు. బీటెక్‌లో చేరిన తరువాత ఆ కళాశాలను మార్చుకొనుటకు వానికి నాలుగేండ్ల వరకు దాదాపు దారిలేదు. డిగ్రీ చదివినవానికి అట్లు కాదు. ఇరువది, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, తనకేమి యిష్టమో కొంత తెలిసిన తరువాత, భౌతిక రసాయన శాస్త్రముల బెడద లేకుండ, గణితము, తర్కము, కంప్యూటరు పరిజ్ఞానముల ఆధారముగా మరల ఒకసారి దేశమందలి మేటి ప్రాంగణముల తలుపు తట్టు అవకాశము వానికి లభించును.

ఆ తలుపులు సామాన్యమైనవి కావు. వరంగల్ ఎన్ఐటీలో ఎంసీఏ ఉన్నది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002లో ఎన్ఐటీయైన ఆ సంస్థలో బీటెక్ సీఎస్‌ఈ సీటు ఎంత దుర్లభమో తెలుగు తల్లిదండ్రులందరికిని తెలియును. అదే ప్రాంగణములో, అదే గ్రంథాలయముతో, అవే క్యాంపసు నియామకముల నడుమ ఎంసీఏ చదువవచ్చునను సంగతి ఎందరికి తెలియును? ఎన్ఐటీల ఎంసీఏకు జరుగు నిమ్‌సెట్ పరీక్షలో వేయి మార్కులకు ఆరు వందలు గణితమునకే. ఇంటర్మీడియట్ గణితమును మరచిపోక నిలుపుకొన్నవానికి అది అందని పండు కాదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములు ఉండనే యున్నవి. రాష్ట్రస్థాయి ఎంసీఏ ప్రవేశపరీక్షయగు ఐసెట్‌లో రెండు వందల మార్కులకు ఏబది వచ్చినచో అర్హత లభించును గాని, ఆ అర్హత ఏదో యొక కళాశాలకు మాత్రమే. విశ్వవిద్యాలయ ప్రాంగణపు సీటుకు వందలలోపు ర్యాంకు కావలెను. పదునేడవ యేట పడిన ముద్రను ఇరువదియొకటవ యేట చెరుపుకొను ఈ అవకాశమునకు, నా లెక్కలో, కంపైలర్ల పాఠము పలుచబడుటచేత కలుగు నష్టముకంటె విలువ యెక్కువ.

డబ్బు లెక్క క్లుప్తముగా చెప్పెదను. కన్వీనరు కోటాలోనే బీటెక్ రుసుము కళాశాలనుబట్టి యేడాదికి నలుబది యేబది వేలనుండి లక్షన్నర దాటువరకు కలదు. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ప్రభుత్వము చాలకాలముగా ముప్పదియైదు వేలు మాత్రమే చెల్లించుచున్నది. మిగిలినది తండ్రి జేబునుండి. మేనేజ్‌మెంటు కోటా అయినచో చెప్పనక్కరలేదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మూడేండ్లకును కలిపి అగు వ్యయము, కళాశాల బస్సుకు ఒక యేడాది కట్టు మొత్తమునకు చాలదు. ఈ మిగులుతో ఒక మంచి ల్యాప్‌టాప్, దానిపై రెండేండ్ల ఎంసీఏ, నగరములో హాస్టలు ఖర్చు వెళ్లిపోవును. ఎకరము పొలము తాకట్టు తప్పును.

ఇంతవరకు చదివి, బీసీఏయే మేలని నేను చెప్పుచున్నట్లు భావించిన పాఠకుడు కొంచెము ఆగవలెను. మన డిగ్రీ కళాశాలలలో అధికభాగము బీటెక్ కళాశాలలకంటె హీనముగా నున్నవి. రోడ్డుప్రక్క షట్టరు గదులపై రెండంతస్తులలో నడచుచు, పరీక్షరుసుము కట్టిననాడు తప్ప మరల కానరాని విద్యార్థులతో పట్టికలు నింపుకొను కళాశాలలు ప్రతి మండలకేంద్రములోను కలవు. బీటెక్‌లో కనీసము హాజరు చాలనిచో డిటెన్షను అను భయమున్నది. ఇంటికి సందేశము పోవును. డిగ్రీలో ఆ కట్టుబాటు చాలచోట్ల మృగ్యము. మధ్యాహ్నము ఒంటిగంటకే తరగతులు ముగియును. ఆ తరువాతి కాలమును ఏమి చేయవలెనో తెలిసిన విద్యార్థికి అది వరము, తెలియనివానికి సెల్‌ఫోను. మూడేండ్లు అట్లు గడపి ప్రవేశపరీక్షను లెక్కచేయనివాడు, ఉత్త బీసీఏతో బజారున నిలిచి, నాసిరకపు బీటెక్ వానికంటెను వెనుకబడును. కావున ఈ మార్గము స్వయముగా చదువుకొను పట్టుదల గలవానికే. పట్టుదల లేనివానిని ఒక క్రమములో నుంచుటకు సగటు బీటెక్ కళాశాలయే మేలని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. ఇంటర్మీడియట్ సీఈసీ చదివి కంప్యూటర్లపై మక్కువ గల ఆడపిల్లకు బీటెక్ ద్వారము మొదటనే మూయబడి యున్నది. ఆమెకు బీసీఏ గాని బీకాం కంప్యూటర్స్ గాని మొదటి మెట్టు. ఎంసీఏకు పోవలెనన్న తలంపు గలచో, ఎంపీసీ చదువని ఆమె డిగ్రీలోనైనను గణితము నొక విషయముగా తీసికొనుట మంచిది. ఈ మాట చేర్చుకొను దినమున చెప్పు కళాశాలలు తక్కువ.

మరి మంచి కళాశాల యని గుర్తించుటెట్లు? ముఖద్వారముపై వ్రాసిన అక్షరములను నమ్మరాదు. న్యాక్ గుర్తింపు మొత్తము సంస్థకు; ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి వేరువేరుగా నిచ్చునది. మెకానికల్ విభాగమునకు వచ్చిన ఎన్‌బీఏను బోర్డుపై వ్రేలాడదీసి, దాని నీడన కృత్రిమ మేధ సీట్లు అమ్ముకొను యాజమాన్యములు కలవు. రెండు బ్యాచిలు చదువు ముగించి బయటికి రానిదే ఏ బ్రాంచికిని ఎన్‌బీఏ రాజాలదు. నిన్నగాక మొన్న మొదలైన ఏఐఎంఎల్ బ్రాంచికి గుర్తింపు కలదని ప్రచారాధికారి చెప్పినచో ఆ మాటతోనే ఆ కళాశాల స్వభావము తెలియవలెను. ప్లేస్‌మెంటుల కరపత్రములో అత్యధిక వేతనము పొందిన విద్యార్థి ఛాయాచిత్రముండును. మనకు కావలసినది ఆ బాలుడు కాదు, మధ్యస్థుడు. వరుసలో సరిగా నడుమ నిలిచినవానికి ఎంత వచ్చినదో చెప్పుడని అడుగవలెను. జాతీయ ర్యాంకింగులలో పాల్గొను సంస్థలు ఆ మధ్యస్థ వేతనమును ప్రభుత్వమునకు తెలుపుచునే యున్నవి. తండ్రికి మాత్రము చెప్పవు.

అన్నిటికంటె మేలైన మార్గము, పనిదినమున మధ్యాహ్నము రెండు గంటల వేళ, ముందుగా చెప్పక కళాశాలకు పోవుట. ప్రచారాధికారి గదిలో కూర్చుండక, క్యాంటీనులో మూడవ సంవత్సరపు విద్యార్థుల ప్రక్కన కూర్చుండి టీ త్రాగుచు మూడు మాటలు అడిగిన చాలును: డేటా స్ట్రక్చర్సు ఎవరు చెప్పిరి, ఆయన ఇప్పుడును ఇచట నున్నారా, ల్యాబు సాయంకాలము ఎన్ని గంటలవరకు తెరచియుండును? పదేండ్లుగా అదే పాఠము చెప్పుచు, విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములో తప్పును ఎఱ్ఱసిరాతో గుర్తించి తిరిగి యిచ్చు అధ్యాపకుడు ఒక్కడున్నను, అది ఏ పట్టా యిచ్చు కళాశాలయైనను, చేరదగినదే. ఆ పేరు చెప్పుటకు విద్యార్థులు ఒకరి ముఖమొకరు చూచుకొన్నచో లేచి వచ్చుట మంచిది.

ఈ శ్రమ అంతయు తల్లిదండ్రులపై మోపుట న్యాయము కాదు. అనంతపురము మారుమూల గ్రామపు రైతు హైదరాబాదు శివారు కళాశాల క్యాంటీనులో కూర్చుండి విచారింపజాలడు. రెండు రాష్ట్రముల ఉన్నత విద్యామండలుల వద్దను ఈ సమాచారము కావలసినంత గలదు. కళాశాలలు ప్రతి యేట సమర్పించుచునే యున్నవి. కౌన్సెలింగు మొదలగుటకు ముందే, బీటెక్, ఎంసీఏ, బీసీఏ అను భేదము లేకుండ ప్రతి కోర్సునకు నాలుగు సంగతులు వెబ్ ఆప్షన్ల పట్టికలోనే కళాశాల పేరు ప్రక్కన చూపవలెను: పాఠము చెప్పు అధ్యాపకుల పేర్లు, వారు ఆ కళాశాలలో పనిచేసిన యేండ్లు, చేరినవారిలో బ్యాక్‌లాగులు లేకుండ సకాలమున ముగించినవారి సంఖ్య, ఉద్యోగము పొందినవారి మధ్యస్థ వేతనము. ఇందుకు కొత్త చట్టమేదియు అక్కరలేదు. ఒక ఉత్తర్వు చాలును. వచ్చు జూన్ లోపల ఆ ఉత్తర్వు వెలువరింపవలసినదిగా రెండు ప్రభుత్వములను కోరుచున్నాను.